సెంట్‌ఓఎస్ 7లో పైథాన్ 3.11 కంపైల్: కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వేసినా "1.1.1 లేదా ఆపైది కావాలి" అంటోంది

ల్యాబ్_ఇన్‌ఛార్జ్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. మా కాలేజీలో ఒక పాత సర్వర్ ఉంది, సెంట్‌ఓఎస్ 7. ఫీజుల సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తోంది. అది చేసిచ్చినవాళ్లు కొత్త ఓఎస్ మీద పనిచేస్తుందో లేదో చెప్పరు, ఫోన్ కూడా ఎత్తరు. కాబట్టి ఓఎస్ మార్చే మాట ఎత్తొద్దని పైవాళ్లు తేల్చేశారు. పిల్లల ప్రాజెక్టులకీ, హాజరు మెసేజ్‌లు పంపే స్క్రిప్టుకీ అదే సర్వర్ మీద పైథాన్ వాడుతున్నాం. నాకంటే ముందు పనిచేసినాయన పైథాన్ 3.9 సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టారు.

ఈమధ్య రిక్వెస్ట్స్ ప్యాకేజీ అప్‌డేట్ అయ్యాక స్క్రిప్టు మొదలవుతూనే ఆగిపోతోంది. ఎర్రర్ సారాంశం ఇది: యూఆర్‌ఎల్‌లిబ్3 (రిక్వెస్ట్స్ లోపల వాడే ప్యాకేజీ) రెండో వెర్షన్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో వెళ్లే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే లైబ్రరీ) 1.1.1 కావాలి, మీ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ 1.0.2కే-ఫిప్స్‌తో కంపైల్ అయింది.

సరే, ఎలాగూ పాతబడింది కదా అని 3.11 సోర్స్ దింపాను. దానికి ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 కూడా సోర్స్ నుంచే కట్టి /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3లో పెట్టాను. (అది కట్టేటప్పుడు ఐపీసీ/సీఎండీ.పీఎం దొరకలేదంది. పెర్ల్-ఐపీసీ-సీఎండీ ప్యాకేజీ వేద్దామంటే యమ్‌కి (ప్యాకేజీలు దింపే కమాండ్) మిర్రర్‌లిస్ట్ సర్వరే దొరకలేదు. రెపో ఫైళ్లలో వాల్ట్ (పాత ప్యాకేజీలు దాచే సర్వర్) అడ్రస్ పెడితే దారికొచ్చింది.) ఇప్పుడు "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్" అని కొడితే 3.0 అనే చూపిస్తోంది. అయినా పైథాన్ మేక్ చివర్లో అదే పాట: "ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ కట్టలేకపోయాను, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 లేదా ఆపైది కావాలి."

కాన్ఫిగర్‌కి --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3 ఇచ్చాను. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) కూడా పెట్టాను. 3.0 కళ్ల ముందు ఉంటే 1.1.1 లేదంటుందేమిటి?

పాతకాపు

2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7 కథ ముగిసింది. ఆ తర్వాత దాని మీద ఏం కట్టినా ఇసుక మీద కట్టినట్టే. ఆల్మా లినక్స్ 8కో 9కో వెళ్లండి. అక్కడ ఈ గొడవే ఉండదు.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

సర్, అది నా చేతిలో ఉంటే ఈ పోస్టే పెట్టేదాన్ని కాదు.

మేక్‌ఫైల్‌రాజు

సింపుల్ మేడం. /యూఎస్‌ఆర్/లిబ్64లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.10, లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.10 ఉంటాయి. వాటిని పక్కకి జరిపి, అవే పేర్లతో మీ కొత్త లైబ్రరీకి లింకులు పెట్టేయండి. అప్పుడు సిస్టమ్ మొత్తం కొత్తదే వాడుతుంది.

ఓరుగల్లు_లినక్స్

మేడం, పై పోస్టు చూసి అట్ల మాత్రం చేయకండి! ఎస్‌ఎస్‌హెచ్‌డీ (దూరం నుంచి లాగిన్ ఇచ్చే సర్వీసు) ఆ లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.10 మీదనే నడుస్తది. పేరు అదే పెట్టినంత మాత్రాన లోపల సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) అవే ఉండవు. ఇప్పుడు నడుస్తున్న సెషన్ బాగానే ఉంటది, నమ్మకం కుదురుతది. సర్వీసు రీస్టార్ట్ అయినంక మళ్ల లోపలికి పోలేరు. సర్వర్ రూమ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వెతుక్కోవాలె.

ఎస్‌ఓ తర్వాత ఉన్న ఆ 10 ఊరికే పెట్టిన నంబర్ కాదు. "నేను ఈ ఏబీఐ (ప్రోగ్రాములు నన్ను వాడుకునే పద్ధతి) ఇస్తా" అని లైబ్రరీ రాసిచ్చిన మాట అది. లింకు పెట్టి దాన్ని మార్చలేం. రాజు బ్రో, మీరు వర్చువల్ మెషీన్‌ల చేసి ఉంటే చేసి ఉండొచ్చు, ఆమెది ఫీజులు కట్టించుకునే సర్వర్.

మేక్‌ఫైల్‌రాజు

సరే సరే, ప్రొడక్షన్ సర్వర్ అన్న సంగతి గమనించలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

గోదారిగట్టు

మేడం, ముందు అర్జెంటు పని తీర్చుకోండి. పాత 3.9లోనే యూఆర్‌ఎల్‌లిబ్3ని 2 కంటే తక్కువ వెర్షన్‌కి కట్టేయండి. పిప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "యూఆర్‌ఎల్‌లిబ్3<2" అని కోట్స్‌లో పెట్టి ఇవ్వాలి. కోట్స్ లేకపోతే షెల్ ఆ గుర్తుని ఫైల్ రీడైరెక్షన్ అనుకుంటుంది. 1.26 వస్తుంది, అది 1.0.2తో సర్దుకుంటుంది. రేపటి మెసేజ్‌లు వెళ్లిపోతాయి. తర్వాత తీరిగ్గా 3.11 సంగతి చూద్దాం.

ఇక అసలు విషయం. "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్" కమాండ్ మీకు చెప్పేది పాత్‌లో ముందు దొరికిన ప్రోగ్రామ్ వెర్షన్ మాత్రమే. కంపైలర్‌కి దాంతో సంబంధమే లేదు. కంపైలర్ ఏ హెడర్ (ఫంక్షన్ల జాబితా ఫైల్) చదివింది, లింకర్ ఏ ఎస్‌ఓ ఫైల్ (అసలు లైబ్రరీ) పట్టుకుంది, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడర్ ఏది తెచ్చింది: ఈ మూడూ మూడు వేర్వేరు సమయాల్లో, మూడు వేర్వేరు చోట్ల వెతుకుతాయి. మూడింటికీ ఒకే వెర్షన్ దొరికితేనే పని జరుగుతుంది. మీ దగ్గర ఒకదానికి కొత్తది, ఇంకోదానికి పాతది దొరుకుతున్నట్టుంది.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పనిచేసేది మూడోదానికి, అంటే నడిచేటప్పుడు. "లింకర్ లైబ్రరీ వెతికేటప్పుడు కూడా అదే చూస్తుంది" అని చాలామంది అనుకుంటారు. చూడదు.

ఊహలెందుకు, సోర్స్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్.లాగ్ అని ఒక ఫైల్ ఉంటుంది. కాన్ఫిగర్ తెర మీద "లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు లేదంటోందో మాత్రం అందులో రాసి పెడుతుంది. అందులో "రిక్వైర్డ్ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ ఏపీఐస్" అన్న చోటు వెతికి, కింద ఉన్న నాలుగైదు లైన్లు పెట్టండి. దాంతోపాటు /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3 లోపల ఏ ఫోల్డర్లు ఉన్నాయో కూడా.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

చాలా థాంక్సండి, 1.26 వేశాక మెసేజ్‌లు వెళ్తున్నాయి. టెన్షన్ సగం తగ్గింది.

కాన్ఫిగ్.లాగ్‌లో ఇలా ఉంది. జీసీసీ (కంపైలర్) కమాండ్‌లో -ఐ/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3/ఇంక్లూడ్ ఉంది, -ఎల్/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3/లిబ్ ఉంది, చివర్లో -ఎల్‌ఎస్‌ఎస్‌ఎల్ -ఎల్‌క్రిప్టో. దాని కింద:

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు టీఎల్‌ఎస్_క్లయింట్_మెథడ్
అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌ఎస్‌ఎల్_సీటీఎక్స్_సెట్_కీలాగ్_కాల్‌బ్యాక్
కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్

/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3లో ఉన్నవి: బిన్, ఇంక్లూడ్, లిబ్64, షేర్, ఎస్‌ఎస్‌ఎల్.

గోదారిగట్టు

దొరికింది! మీరు పెట్టిన రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. కాన్ఫిగర్ అడుగుతున్నది లిబ్. మీ దగ్గర ఉన్నది లిబ్64.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 నుంచి 64 బిట్ లినక్స్‌లో లైబ్రరీలు లిబ్64లోకి వెళ్తున్నాయి. 1.1.1 దాకా లిబ్‌లోకే వెళ్లేవి. పైథాన్ కాన్ఫిగర్ మీరిచ్చిన ఫోల్డర్ వెనక లిబ్ అని తగిలించి ఊరుకుంటుంది, 64 ఉందేమోనని చూడదు. అలాంటి ఫోల్డరే లేకపోయినా లింకర్ కిక్కురుమనదు. తన అలవాటు ప్రకారం /యూఎస్‌ఆర్/లిబ్64కి పోయి, అక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్ ప్యాకేజీ పెట్టిన పాత 1.0.2ని పట్టుకుంటుంది.

కాబట్టి హెడర్ 3.0ది, లైబ్రరీ 1.0.2ది. టీఎల్‌ఎస్_క్లయింట్_మెథడ్ 1.1.0లో వచ్చింది, కీలాగ్ కాల్‌బ్యాక్ 1.1.1లో వచ్చింది. హెడర్‌లో రెండూ ఉన్నాయి కాబట్టి కంపైల్ దశ దాటేసింది. పాత లైబ్రరీలో రెండూ లేవు కాబట్టి లింక్ దగ్గర పడింది. "1.1.1 కావాలి" అన్న మెసేజ్ అబద్ధం కాదు, దానికి దొరికింది నిజంగానే పాతది.

చేయాల్సింది: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సోర్స్‌లో మళ్లీ కాన్ఫిగ్ కొట్టేటప్పుడు --లిబ్‌డిర్=లిబ్ ఇవ్వండి, మేక్, మేక్ ఇన్‌స్టాల్. అంత ఓపిక లేకపోతే /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3లో లిబ్ అనే పేరుతో లిబ్64కి ఒక లింక్ పెట్టినా చాలు. ఇది మీ సొంత ఫోల్డర్, సిస్టమ్‌ది కాదు, కాబట్టి ఇక్కడ లింకుతో ప్రమాదం లేదు. తర్వాత పైథాన్ ఫోల్డర్‌లో మేక్ డిస్ట్‌క్లీన్ తప్పనిసరిగా కొట్టండి. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగిలితే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

డల్లాస్_దోస్త్

ఇంకో దారి కూడా ఉంది. ఈపెల్ 7లో (సెంట్‌ఓఎస్ 7కి అదనపు ప్యాకేజీల రెపో) ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11-డెవెల్ అనే ప్యాకేజీ ఉండేది, ఇప్పుడు ఫెడోరా ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది. హెడర్లు /యూఎస్‌ఆర్/ఇంక్లూడ్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11లో, లైబ్రరీలు /యూఎస్‌ఆర్/లిబ్64/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11లో కూర్చుంటాయి, పాతదాని జోలికి పోవు. పైథాన్ కాన్ఫిగర్ పీకేజీ-కాన్ఫిగ్‌ని (లైబ్రరీల దారులు చెప్పే టూల్) "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్" పేరుతో అడుగుతుంది కాబట్టి, ఆ స్క్రిప్టులో సెడ్‌తో ఆ పేరుని "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11" చేస్తే సరిపోతుంది. మేం ఇక్కడ పాత మెషీన్ల మీద చాన్నాళ్లు ఇలాగే నడిపాం.

అయితే 1.1.1కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు 2023 సెప్టెంబర్‌లోనే సపోర్టు ఆపేశారు. మేడం ఇప్పటికే 3.0 కట్టుకున్నారు కాబట్టి అదే మేలు.

పాతకాపు

ఓఎస్ మార్చనన్నారు కాబట్టి అడుగుతున్నా, అసలు కంపైల్ ఎందుకు? పైథాన్-బిల్డ్-స్టాండలోన్ అని రెడీమేడ్ బిల్డులున్నాయి, యూవీ అనే టూల్ దింపేది అవే. వాటికి జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) 2.17 ఉంటే చాలు. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది సరిగ్గా 2.17. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపలే కలిపి ఇస్తారు. టార్ ఫైల్ విప్పితే పని అయిపోతుంది.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

సర్, అది తెలియదు, తప్పకుండా చూస్తాను. కానీ ఇంతదాకా వచ్చాక దీని సంగతేంటో తేల్చుకోవాలనిపిస్తోంది. పిల్లలు కూడా పక్కన కూర్చుని చూస్తున్నారు.

ఓరుగల్లు_లినక్స్

గదీ మాట! అయితే ఒక జాగ్రత్త. --ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ ఇస్తున్నారా? మీ జీసీసీ 4.8.5 అయి ఉంటది. అందుల ఆ ఆప్షన్ ఇస్తే మధ్యల "రన్‌పై మాడ్యూల్ ఇంపోర్ట్ చేయలేకపోయాను" అని ఆగిపోతది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు, దీనికి సంబంధం లేదు, కానీ జనం రెండింటినీ కలిపి బుర్ర పాడు చేసుకుంటరు. ఆ ఆప్షన్ తీసేయండి, లేకుంటే డెవ్‌టూల్‌సెట్-11 (కొత్త జీసీసీ ఉండే ప్యాకేజీ) వేసుకుని ఆ జీసీసీతో కట్టండి.

ఇంకోటి: మేక్ ఇన్‌స్టాల్ కాదు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. /యూఎస్‌ఆర్/బిన్/పైథాన్‌ను మాత్రం ముట్టుకోవద్దు. యమ్ నడిచేది ఆ పైథాన్ 2.7 మీదనే.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

అయింది! లిబ్‌డిర్ మార్చి, డిస్ట్‌క్లీన్ కొట్టి, ఆప్టిమైజేషన్స్ తీసేసి కట్టాను. ఈసారి ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ వచ్చింది. పైథాన్‌లో ఎస్‌ఎస్‌ఎల్ ఇంపోర్ట్ చేసి వెర్షన్ అడిగితే 3.0 అంది. పిప్ కూడా పనిచేస్తోంది.

కానీ క్రాన్‌లో (చెప్పిన టైముకి స్క్రిప్టు నడిపేది) పెడితే "లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 తెరవలేకపోయాను, అలాంటి ఫైల్ లేదు" అంటోంది. అదే యూజర్, అదే పైథాన్. చేత్తో నడిపితే నడుస్తుంది!

గోదారిగట్టు

ఇది నేను చెప్పిన మూడోది. మీ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ బాష్‌ఆర్‌సీలో ఉండి ఉంటుంది. క్రాన్ ఆ ఫైల్ చదవదు. మీ టెర్మినల్‌లో మాత్రం అది లోటు కనబడకుండా కప్పేస్తోంది.

ముందు నిర్ధారించుకోండి. లిబ్-డైన్‌లోడ్ ఫోల్డర్‌లో _ఎస్‌ఎస్‌ఎల్ అని మొదలయ్యే ఎస్‌ఓ ఫైల్ ఉంటుంది. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని అన్‌సెట్ చేసి, ఆ ఫైల్ మీద ఎల్‌డీడీ (ఏ లైబ్రరీ ఎక్కడ దొరుకుతోందో చూపే కమాండ్) కొట్టండి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 పక్కన "నాట్ ఫౌండ్" అని కనిపిస్తే ఇదే రోగం.

మందు: పైథాన్ కాన్ఫిగర్‌కి --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-ఆర్‌పాత్=ఆటో కూడా ఇవ్వండి. 3.10 నుంచి ఈ ఆప్షన్ ఉంది. లైబ్రరీ ఎక్కడుందో ఆ దారిని మాడ్యూల్ లోపలే రాసేస్తుంది. ఇక ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబులూ అక్కర్లేదు, బాష్‌ఆర్‌సీలో ఆ లైన్ తీసేయండి. ఆ లైన్ ఉన్నంతకాలం మీ షెల్ నుంచి నడిపే వేరే ప్రోగ్రాములకి కూడా ముందు ఆ ఫోల్డర్‌లోని లైబ్రరీలే దొరుకుతాయి.

ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో ఒక ఫైల్ పెట్టి ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తుంది, కానీ అది సిస్టమ్ మొత్తానికీ వర్తిస్తుంది. ఒక్క పైథాన్ కోసం అంత వద్దని నా అభిప్రాయం.

డల్లాస్_దోస్త్

బాష్‌ఆర్‌సీలో ఆ లైన్ లేని వాళ్లకి ఇదే సమస్య మేక్ చివర్లోనే బయటపడుతుంది: "ఈ మాడ్యూల్స్ కట్టడం అయింది కానీ ఇంపోర్ట్ కాలేదు కాబట్టి తీసేశాను: _హ్యాష్‌లిబ్, _ఎస్‌ఎస్‌ఎల్" అని. "తీసేశాను" అని వస్తే నడిచేటప్పటి లైబ్రరీ దొరకలేదని, "కావాల్సిన బిట్స్ దొరకలేదు" అని వస్తే హెడరో లింకో దగ్గర పడిందని. ఆ రెండు జాబితాలూ ఒకేలా కనిపిస్తాయి, ఏ జాబితాలో ఉందో చూసుకోండి.

కొత్తగా_చేరా

సందట్లో సడేమియా అనుకోకండి, నాకూ ఇలాంటిదే. సెంట్‌ఓఎస్ 7లో ఒక ప్రోగ్రామ్ దింపితే "జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_3.4.20 నాట్ ఫౌండ్" అంటోంది. నోడ్ 18 అయితే "జీఎల్‌ఐబీసీ_2.28 నాట్ ఫౌండ్" అంటోంది. జీలిబ్‌సీ కూడా ఇలాగే /ఆప్ట్‌లో కట్టుకోవచ్చా?

ఓరుగల్లు_లినక్స్

తమ్మీ, రెండూ వేర్వేరు. మొదటిది సీ++ లైబ్రరీ. 4.8.5తోని వచ్చేది 3.4.19 దాకనే ఇస్తది. సోర్స్ దొరికితే మీ మెషీన్ మీదనే డెవ్‌టూల్‌సెట్‌తోని కంపైల్ చేసుకోండి, కొత్త సింబల్స్‌ను ప్రోగ్రామ్‌లనే కలిపేస్తది.

రెండోది జీలిబ్‌సీ. దాని జోలికి పోకు. ఎల్‌ఎస్, బాష్, యమ్ అన్నీ దాని మీదనే నిలబడి ఉన్నయ్. నోడ్ 18 అధికారిక బైనరీలు 2.28 అడుగుతయ్, సెంట్‌ఓఎస్ 7ల ఎప్పటికీ 2.17నే. కంటైనర్‌లో ఆల్మా 8 పెట్టుకుని దాంట్ల నడుపుకో, దాని జీలిబ్‌సీ 2.28. ఇంకా డౌట్ ఉంటే వేరే చర్చ మొదలుపెట్టు, ఇది మేడంది.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

ఆర్‌పాత్ ఇచ్చాక క్రాన్‌లో కూడా నడుస్తోంది. ఎల్‌డీడీలో ఇప్పుడు /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3/లిబ్ దారి కనిపిస్తోంది.

ఇంకొక్కటే మిగిలింది. రిక్వెస్ట్స్‌తో వెళ్లే మెసేజ్‌లు వెళ్తున్నాయి. ఎస్‌ఎంటీపీలిబ్‌తో పంపే మెయిల్ మాత్రం "సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్" అంటోంది. పాత 3.9తో అదే మెయిల్ వెళ్తుంది. వెరిఫై ఆపేస్తే వెళ్తుందని ఒక విద్యార్థి అన్నాడు, నాకు మనసొప్పలేదు.

గోదారిగట్టు

ఆపకండి. /ఆప్ట్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ -డీ కొట్టండి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్ అని ఒక దారి చెప్తుంది. మీరు విడిగా ఇవ్వలేదు కాబట్టి /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3/ఎస్‌ఎస్‌ఎల్ అని వస్తుంది. సర్టిఫికెట్ల కోసం అది అక్కడే వెతుకుతుంది. అక్కడ సర్టిఫికెట్లేమీ ఉండవు. సిస్టమ్ సర్టిఫికెట్ల కట్ట /ఈటీసీ/పీకేఐ/టీఎల్‌ఎస్/సెర్ట్.పెమ్ దగ్గర ఉంటుంది, పాత 1.0.2కి ఆ దారి తెలుసు. రిక్వెస్ట్స్‌కీ, పిప్‌కీ సొంత కట్ట వెంట ఉంటుంది కాబట్టి వాటికి ఈ సంగతే పట్టలేదు.

/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3/ఎస్‌ఎస్‌ఎల్‌లో సెర్ట్.పెమ్ పేరుతో ఆ ఫైల్‌కి ఒక లింక్ పెట్టండి.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

మెయిల్ వెళ్లింది! అందరికీ పేరుపేరునా థాంక్స్. తర్వాత ఎవరికైనా పనికొస్తుందని చివరికి పనిచేసిన ఆప్షన్లు పెడుతున్నా. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి: --ప్రిఫిక్స్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3 --లిబ్‌డిర్=లిబ్. పైథాన్‌కి: --ప్రిఫిక్స్=/ఆప్ట్/పైథాన్311 --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్3 --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-ఆర్‌పాత్=ఆటో. తర్వాత మేక్, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్.

పరీక్షలయ్యేదాకా 3.9ని కూడా పక్కన ఉంచుతున్నా.

పాతకాపు

బాగా చేశారమ్మా. ఒకటి గుర్తుంచుకోండి: మీరు సొంతంగా కట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి యమ్ నుంచి ఏ ప్యాచ్ రాదు. 3.0కి సపోర్టు 2026 సెప్టెంబర్ 7 దాకానే. 3.5కి 2030 ఏప్రిల్ దాకా ఉంది.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

అప్పుడు పైథాన్ మళ్లీ కంపైల్ చేయాలా సర్?

పాతకాపు

అక్కర్లేదు. 3.0 అయినా 3.5 అయినా ఫైల్ పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3నే, పాత సింబల్స్ అలాగే ఉంటాయి. అదే ప్రిఫిక్స్, అదే లిబ్‌డిర్ ఇచ్చి దాని మీదే ఇన్‌స్టాల్ చేసి, నడుస్తున్న స్క్రిప్టులు రీస్టార్ట్ చేయండి. ముందు ఫోల్డర్‌ని ఒక కాపీ తీసి పెట్టుకోండి.